ఎందాక

పోయేవాణ్ని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వాడు వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరాలి. అడగకుండా ఉండలేకపోతే ‘ఎందాక’ అనాలి. ఇది మా గట్టమ్మవ్వ చట్టం. ఆమె మా నాయినకు అమ్మ. ఎనభై దాటాయి. చిట్యాలలో మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఈ చట్టాన్ని అమలు చేస్తుంటుంది.

నేను దీన్ని నమ్మేవాణ్ని కాదు. పదకొండేళ్లు భూపాలపల్లి బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టర్ దగ్గర ప్రొక్లెయిన్ నడిపాను. అంటే మట్టి తవ్వి లారీలు నింపే పెద్ద మిషన్. అంత పెద్ద మిషన్ మీద కూర్చునేవాడు శకునాలను లెక్కచేస్తాడా? పక్కింటి పరశురాములు రోజూ పొద్దున్నే “ఎక్కడికి?” అనేవాడు. “డ్యూటీకే” అని చెప్పి బండికి కిక్కు కొట్టి పోయేవాణ్ని. అలా పోయిన ఒక మంగళవారం కాంట్రాక్టు అయిపోయిందన్నారు. మిషన్లన్నీ ట్రెయిలర్ల మీద వేరే రాష్ట్రానికి పోయాయి. నా మిషన్‌ను నా చేతే ఎక్కించారు. ఇంటికొచ్చి చెబితే అవ్వ ఒక్కటే అడిగింది.

“పొద్దుగాల ఎవలన్న అడిగిండ్రా?”

“పరశురాములు. రోజూ అడుగుతడు గదనే.”

“పదకొండేండ్లది జమైంది. ఒక్కపారే తగిలింది” అంది అవ్వ.

ఆ తర్వాత ఐదు నెలలు ఇంట్లోనే ఉన్నాను. పని లేనివాడికి ఊళ్లో ఎదురయ్యే ప్రశ్న కూడా అదే. బీడీల కోసం బయటికి వస్తే “ఎక్కడికి?” ఊరికే చౌరస్తా దాకా నడిస్తే “ఎక్కడికి?” అడిగేవాళ్లకు నేను ఎక్కడికీ పోవడం లేదని తెలుసు, అయినా అడుగుతారు. ఒకసారి కోపమొచ్చి “చంద్రమండలానికి” అన్నాను. “ఎప్పుడొస్తవ్?” అన్నాడు పరశురాములు.

నా భార్య పల్లవి ఒక్కతే అడిగేది కాదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతూ, నేను గడప దాటుతుంటే తల దించుకునేది. డ్యూటీ ఉన్న రోజుల్లో టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఏ గనికి, ఏ షిఫ్టుకు అని పది అడిగేది. ఇప్పుడు నాకు బాధవుతుందని మానేసింది. ఊరంతా అడిగినదానికంటే ఆమె అడగనిదే నాకు ఎక్కువ బాధ.

అప్పుడు అజహర్ ఫోన్ చేశాడు. వాడిది మరిపెడ. గనిలో డంపర్ నడిపేవాడు, రెండేళ్ల కింద దుబాయ్ పోయాడు.

“క్యా రే సంజీవ్, విజిట్ వీసా మీద వచ్చెయ్. అరవై రోజులుంటయి. మా కంపెనీల ప్రొక్లెయిన్ ఆపరేటర్లను తీస్కుంటుండ్రు. సోమారం పొద్దుగాల టెస్టు. మనిషి ఎదురుంగ ఉండాలె. లేకపోతే ఎవడు ముందల ఉంటే వాణ్ని తీస్కుంటరు.”

“విజిట్ వీసా మీద పని చెయ్యచ్చారా?”

“చెయ్యద్దు. ఎతుక్కోవచ్చు. దొరికినంక కంపెనీ వీసా మారుస్తది, అప్పుడు ఎక్కాలె మిషన్. గంతదాక లివర్ ముట్టద్దు. ఇగో, ఇంకొక్కటి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల పాస్‌పోర్ట్ చూసేటోని ముందు పని అనే మాట నోట్లకెల్లి రావద్దు. చూడనీకి పోతున్న అను. బస్.”

ఈ మాట మా మామ జగపతి చెవిలో పడింది. బచ్చన్నపేటకు ఒకప్పుడు సర్పంచ్. పదవి పోయి పన్నెండేళ్లయినా ఏ పనైనా తన చేతుల మీదుగానే జరగాలంటాడు. విమానం ఎక్కలేదు గానీ ముగ్గుర్ని ఎక్కించి వచ్చాడు కాబట్టి అనుభవజ్ఞుడు. జనగామలో నా కోసం ఒక అంగీ కొన్నాడు. దాని మీద కొబ్బరి చెట్లు, చెట్ల మీద చిలకలు. దానితో పాటు ఒక టోపీ, నల్ల కళ్లద్దాలు.

“టూరిస్టు అంటే గిట్ల కొడతది కంటికి” అన్నాడు. టూరిస్టునని, ఎడారి చూడడానికి పోతున్నానని నా చేత ఒక కాగితం రాయించాడు. కుర్చీ వేసుకుని ఆఫీసర్‌లా కూర్చుని ప్రాక్టీసు పెట్టించాడు.

“ఎందుకు పోతున్నవ్?”

“చూడనీకి.”

“ఏం చూడనీకి?”

“ఎడారి.”

“ఎడారిల ఏముంటది?”

“ఎండ ఉంటది మామ” అన్నాను. నాకు ఒళ్లు మండింది. చిట్యాలలో మే నెల గడిపినవాడు ఎండ చూడడానికి విమానం ఎక్కుతాడంటే ఏ ఆఫీసర్ నమ్ముతాడు? మామ అదేమీ పట్టించుకోలేదు. నా అరచేతులు తిప్పి చూశాడు. పదకొండేళ్లు లివర్లు పట్టి కాయలు కాచాయి.

“గీ చేతులు మాత్రం జేబుల పెట్టుకో అల్లుడు. గివి చూస్తే నిన్ను టూరిస్టనేటోడు పుట్టలే.”

విమానం శనివారం సాయంత్రం. పొద్దున్నే మామ కారు తెచ్చాడు. అవ్వ నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

“ఎవలన్న ఎక్కడికి అన్నరంటే ఎనుకకు మర్రాలె, కూసోవాలె, నీళ్లు తాగాలె. ఒట్టెయ్యి.”

వేశాను. అంత పెద్ద మిషన్ ట్రెయిలర్ ఎక్కిపోవడం కళ్లారా చూసినవాణ్ని, ఇక వాదించే ధైర్యం లేదు.

పల్లవి ముందు రోజే పరశురాములు ఇంటికి పోయి, రేపు ఒక్కరోజు అడగొద్దని బతిమాలి వచ్చింది. ఆయన పెద్దమనసుతో ఒప్పుకున్నాడు. పొద్దున గేటు దగ్గర నోరు బిగబట్టుకుని నిలబడ్డాడు కూడా. నేను బయటికి వచ్చాను. ఆయన కళ్లు చిలకల మీద పడ్డాయి.

“గీ అంగి ఏసుకొని ఎక్కడికి పోతున్నవ్ సంజీవ?”

లోపలికి వచ్చి, బూట్లు విప్పి, కూర్చుని, చెంబెడు నీళ్లు తాగాను. పల్లవి నీళ్లిచ్చి లీటరు బాటిల్ ఒకటి నింపి చేతిలో పెట్టింది. అప్పుడు కూడా ఏమీ అడగలేదు.

జనగామలో చాయ్ కోసం ఆగాము. హోటలాయన మామను గుర్తుపట్టి “ఎక్కడికి సర్పంచ్ సాబ్?” అన్నాడు. నేను బాటిల్ మూత తీశాను. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

“నన్నడిగిండు, నిన్ను గాదు. నీకు వర్తించది.”

తేలక అవ్వకు ఫోన్ చేశాము. “ఇద్దరొక్క కారులున్నరా?” అని అడిగింది. అవునన్నాం. “అయితే ఇద్దరు తాగుండ్రి.” మాజీ సర్పంచ్ జనగామ బస్టాండ్ ఎదురుగా చెప్పులు విప్పి కూర్చుని నీళ్లు తాగాడు. దారంతా నాతో మాట్లాడలేదు.

ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న జవాను టికెట్ చూసి “కహా జానా హై?” అన్నాడు. మామకు మళ్లీ ఉత్సాహం వచ్చింది. హిందీలో అడిగితే పట్టింపు లేదన్నాడు. మళ్లీ ఫోన్.

“నీకు సమజైందా ఆయన ఏమన్నడో?” అంది అవ్వ.

“అయింది.”

“అయితే పట్టింపే.”

తాగాను. మామ అక్కడి నుంచే సెలవు తీసుకున్నాడు. లోపల సామాను తీసుకునే కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ ఇంగ్లీషులో అడిగింది, ఎక్కడికి పోతున్నారు సార్ అని. ఇక ఫోన్ చేయలేదు, తీర్పు తెలుసు. నా పదో తరగతి ఇంగ్లీషు జీవితంలో మొదటిసారి పనికొచ్చింది, అదీ ఇలా. బాటిల్ ఖాళీ అయింది, నింపుకున్నాను. నడిస్తే కడుపులో నీళ్లు చప్పుడు చేస్తున్నాయి.

ఇమిగ్రేషన్ దగ్గర పెద్ద లైను. అరగంట నిలబడి కౌంటర్ ముందుకు వచ్చాను. టోపీ, అద్దాలు, చిలకలు, జేబులో చేతులు. లోపలున్నది తెలుగు కుర్రాడే.

“ఎక్కడికి?”

“ఒక్క నిమిషం సార్” అన్నాను. వెనక్కి వెళ్లి, కుర్చీలో కూర్చుని, బూట్లు విప్పి, నీళ్లు తాగి, మళ్లీ లైను చివర నిలబడ్డాను. ఇంకో అరగంట. మళ్లీ వాడే.

“నువ్వే గద ఇందాక పోయింది? ఎక్కడికి పోతున్నవ్?”

“ఒక్క నిమిషం సార్.”

మూడోసారి తెలివిగా పక్క కౌంటర్‌కు పోయాను. అక్కడ ఒక మేడమ్. ఆమె ప్రశ్న కూడా అదే. ప్రపంచంలో విమానాలు ఇన్ని కనిపెట్టినవాళ్లు పోయేవాణ్ని అడగడానికి ఇంకో ప్రశ్న కనిపెట్టలేకపోయారా అనిపించింది. కుర్చీ దగ్గర బూట్లు విప్పుతుండగా ఎవరో భుజం మీద చెయ్యి వేశారు.

చిన్న గదిలోకి తీసుకెళ్లారు. బల్ల వెనక ఒక పెద్ద ఆఫీసర్, యాభై పైబడినవాడు, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని నా పాస్‌పోర్ట్, కాగితాలు తిప్పుతున్నాడు. నన్ను పట్టుకొచ్చిన మొదటి కౌంటర్ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సార్, మూడుసార్లు కౌంటర్ కాడికి వచ్చి ఎనుకకు పోయిండు. పోయినప్పుడల్ల నీళ్లు తాగుతుండు. ఏదో మింగిండు సార్. కడుపుల చప్పుడు గూడ వస్తుంది.”

ముగ్గురం నిశ్శబ్దంగా విన్నాం. నిజంగానే వచ్చింది.

“ఏముంది కడుపుల?” అన్నాడు పెద్దాయన.

“నీళ్లు సార్.”

“ఎన్ని?”

“మూడు లీటర్లుంటయి సార్. జర బాత్‌రూమ్‌కు పోనిస్తే...”

“మింగింది పారేస్తడు సార్” అన్నాడు కుర్రాడు.

గడియారం చూశాను. విమానానికి గంట కూడా లేదు. ఇది పోతే సోమవారం టెస్టు పోయినట్టే. మళ్లీ చిట్యాల, మళ్లీ చౌరస్తా. పరశురాములు ఇప్పుడు ‘ఎక్కడికి’ అనడు, ‘ఏమాయె’ అంటాడు. అది ఇంకా దారుణం. ఏడుపొచ్చినంత పనైంది. టోపీ తీసి బల్ల మీద పెట్టి అవ్వ సంగతి మొత్తం చెప్పాను. ఒట్టు, చెంబు, మంగళవారం, ట్రెయిలర్, అన్నీ.

కుర్రాడు నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

“ఏ ఊరన్నవ్?”

“చిట్యాల సార్. భూపాలపల్లి జిల్లా.”

“మాది మానుకోట” అన్నాడు. మహబూబాబాద్‌ను మా వైపు అలాగే అంటారు. “నా సర్వీస్ కమిషన్ ఇంటర్వ్యూకు పోయేనాడు మా మేనత్త అడిగింది ఎక్కడికని. మా అమ్మ నన్ను మళ్ల కూసోబెట్టింది. బస్సు పోయింది. లారీల పోయిన.”

“ఉద్యోగం దొరికింది గద సార్.”

“దొరికింది. నీళ్లు తాగినందుకు దొరికిందో, తాగకున్నా దొరుకునో, అడగనీకి మా అమ్మ లేదిప్పుడు.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత పెన్ను కింద పెట్టి నా వైపు వంగాడు. మా ఊళ్లో పెద్దవాళ్లు గద్దె మీద నుంచి అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

“సరే. ఎందాక?”

ఆ మాట విని ఎన్ని రోజులైందో. ఐదు నెలల నుంచి చూస్తున్నాను, ఒక్కరు కూడా ఇంత మర్యాదగా అడగలేదు. ఎడారి మర్చిపోయాను, అజహర్ చెప్పింది మర్చిపోయాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

“పని దొరికిందాక సార్.”

అనేశాక గాని ఏమన్నానో తెలియలేదు. కుర్రాడి నవ్వు ఆగిపోయింది. పెద్దాయన పాస్‌పోర్ట్ మూసేశాడు.

“టూరిస్టునని రాసినవ్ గద ఈ కాగితంల. ఎడారి చూస్తవట.”

“రాయించింది మా మామ సార్. అంగి గూడ ఆయనదే.”

“అక్కడ ఎవరున్నరు?”

అజహర్ నంబర్ చెప్పాను. ఆయన తన ఫోన్ స్పీకర్‌లో పెట్టి చేశాడు. నాకు నోరు మెదపొద్దని సైగ చేశాడు.

“హైదరాబాద్ ఇమిగ్రేషన్. సంజీవ అనేటాయన నీ దగ్గరికి ఎందుకొస్తుండు?”

ఈ ఫోన్ కోసమే వారం నుంచి ప్రాక్టీసు చేసినట్టున్నాడు అజహర్. గొంతు సవరించుకుని అందుకున్నాడు. “ఘూమ్‌నే కు సార్. ఉత్తగ తిరగనీకి. ఒంటెలు ఎక్కిపిస్త, సముద్రం చూపిస్త, వాపస్ పంపుత.”

“పని ఎతుక్కుంటడా?”

“తౌబ తౌబ. పనా? గానికి పనంటేనే పడది సార్. పుట్టినకాడికెల్లి పుల్ల తీసి అవుతల పెట్టలే. ఇంట్ల పెండ్లాం కుడుతది, వీడు తింటడు. మిషన్ కనబడితే ఉరుకుతడు సార్, గంత సోమరిపోతు.”

నన్ను కాపాడడానికే అంటున్నాడని తెలుసు. తెలిసినా ఆగలేకపోయాను. ఐదు నెలలుగా ఊరు మనసులో అనుకున్నదంతా వాడు స్పీకర్‌లో చదువుతున్నట్టుంది.

“అరేయ్ అజహర్, ఎవనికిరా పని పడంది? పదకొండేండ్లు నైట్ షిఫ్ట్ కొట్టిన. వానల గని గట్టు కూలి నీ డంపర్ జారితే, మిషన్ తొండం అడ్డం పెట్టి ఆపింది ఎవడురా? నేనా సోమరిపోతును? సార్, చూడుండ్రి సార్” అని జేబులో నుంచి రెండు చేతులూ తీసి బల్ల మీద పెట్టాను. “ఇవి తిరుగుబోతు చేతులా సార్?”

ఫోన్లో అజహర్ గొంతు తగ్గిపోయింది. “సార్, గాయన పక్కనే ఉన్నడా?”

“ఉన్నడు” అన్నాడు పెద్దాయన. “ఎవని చేతులు ఎట్లుంటయో నాక్కూడ ఇప్పుడే తెలిసింది.” ఫోన్ పెట్టేసి నా కాగితాలన్నీ ముందరేసుకున్నాడు. తిరుగు టికెట్ చూశాడు, అజహర్ అడ్రస్ చూశాడు, పది పాసైన మెమో చూశాడు. చూసినవన్నీ ఒక పక్కన పేర్చాడు.

“ఇను. ఎతుకుడు వేరు, చేసుడు వేరు. వీసా మారకముందు లివర్ మీద చెయ్యి పడిందంటే నువ్వు దొంగవే. అరవై రోజులల్ల దొరకకపోతే అరవయ్యో రోజు విమానంల ఉండాలె. ఇంకోసారి ఎవడన్న అడిగితే చిలుకలు, ఒంటెలు చెప్పకు. నువ్వు మంచిగ అబద్ధమాడలేవు, ఊకె తంటాలెందుకు?”

“చెప్ప సార్.”

కాగితంలో ఎడారిని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన తనే ఏదో రాసి, పాస్‌పోర్ట్ మీద ముద్ర కొట్టాడు. పాస్‌పోర్ట్ చేతికిస్తూ “పోయిరా” అన్నాడు.

“పోయొస్త సార్.”

“ముందుగాల బాత్‌రూమ్‌కు పో.”

విమానం తలుపు మూసే ముందు ఎక్కిన చివరి మనిషిని నేనే. అంగీ చూసి నలుగురు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

సోమవారం టెస్టు పది నిమిషాలు. వీసా లేకుండా లివర్ ముట్టనని నేను మొండికేస్తే, టెస్టు పెట్టేవాడు తల కొట్టుకుని, ఇది కంప్యూటర్ బొమ్మ మిషన్ రా బాబూ, దీనికి ఏ వీసా అక్కర్లేదని అజహర్ చేత చెప్పించాడు. పాసయ్యాను. వీసా మారడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. ఆ ముప్పై ఎనిమిది రోజులూ నిజంగానే టూరిస్టును. అజహర్ ఒంటె ఎక్కించాడు. దాని మీద నుంచి పడ్డాను.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున హెల్మెట్ పెట్టుకుని, కొత్త బూట్లు వేసుకుని గదిలో నిలబడ్డాను. గదిలో ఆరుగురం. ఒకడు పళ్లు తోముతున్నాడు, ఒకడు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. నేను తలుపు దాకా పోయి ఆగాను. ఎవరూ తలెత్తలేదు. ఐదు నెలలు జవాబు లేనప్పుడు ఊరు ఊరంతా అడిగింది. ఇవాళ నా దగ్గర జవాబుంది, అడిగేవాడు లేడు. కింద కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. ఇంటికి ఫోన్ చేశాను.

“అవ్వా, నన్నొక్కసారి ఎక్కడికి అని అడగవే.”

“మతి పోయిందారా? పోయేటోన్ని గట్లడుగుతరా?”

“ఒక్కసారి. నేనే అడుగుమంటున్న గద.”

“అడగ. కావాలంటే ఎందాక అంట.”

“అదొద్దే. ఎక్కడికి అనేదే గావాలె.”

“నా పానం పోయినా అడగ” అని ఫోన్ పల్లవికి ఇచ్చేసింది. కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. పల్లవి అంతా విన్నట్టుంది.

“ఎక్కడికి?” అంది పల్లవి.

“డ్యూటీకి” అన్నాను.

అటు ఆమె ముక్కు చీదడం వినిపించింది. “ఏ షిఫ్టు? తిన్నవా? డబ్బాల ఏం పెట్టుకున్నవ్?” అని వరసగా మొదలుపెట్టింది. వెనక నుంచి అవ్వ అరుస్తోంది.

“అడిగినవా? అడగనే అడిగినవా? కూసోమను వాన్ని, నీళ్లు తాగుమను.”

బూట్లు విప్పి, మంచం మీద కూర్చుని, నీళ్లు తాగాను. కింద బస్సు హారన్ కొడుతూనే ఉంది.